గ్రూపు ఎంపిక, ఇంటర్ మార్కులు: పదో తరగతి తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుల లేఖ

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి కూడా రాకముందే జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వచ్చి అడ్వాన్సు కట్టించుకుంటున్నారని మీలో చాలామంది చెబుతున్నారు. వాళ్లు చెప్పే మాటల్లో ఒకటి మీ పిల్లలకు నిజంగా నష్టం చేస్తుంది: "ఇంటర్ పాసైతే చాలు, ర్యాంకు సంగతి మేం చూసుకుంటాం." ఈ లేఖ ముఖ్యంగా దాని గురించే.

ఈ మాట పుట్టడానికి కారణముంది. తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లకు రాసే ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని 2023 నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో అది మళ్లీ వచ్చింది. మన దగ్గర వెయిటేజీ పోయింది ర్యాంకు లెక్కలోనే. సీటు రావడానికి ఉండాల్సిన కనీస మార్కుల నిబంధన అలాగే ఉంది.

లెక్క వేసి చూడండి. ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతిలో ఎంపీసీకి రెండేళ్లకు 1000 మార్కులు. అందులో గ్రూపు సబ్జెక్టులవి 600: మ్యాథ్స్ నాలుగు పేపర్లకు 300, ప్రాక్టికల్స్‌తో కలిపి ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150. ఇంజినీరింగ్ సీటుకు ఈ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, అంటే 270 ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం, అంటే 240. కానీ అన్నీ 35 శాతంతో గట్టెక్కితే వచ్చేది దాదాపు 210. మెమో మీద పాస్ అనే ఉంటుంది, ఈఏపీసెట్‌లో ర్యాంకూ రావచ్చు, కౌన్సెలింగ్‌లో మాత్రం సీటు దక్కదు. సిలబస్, మార్కుల విధానం మారుతున్నాయి కాబట్టి చేరే ఏడాది బోర్డు సర్క్యులర్ చూసి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

ఐఐటీ, ఎన్ఐటీ అనుకునేవాళ్లకు గీత ఇంకా పైన ఉంటుంది. పన్నెండో తరగతిలో 75 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం ఉండాలి. లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే మార్కుల్లో ముందున్న 20 శాతం మందిలో ఉండాలి. ఈ శాతానికి ఐదు సబ్జెక్టులు చూస్తారు, అందులో భాష కూడా ఒకటి. రెండేళ్లూ ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్ క్లాసులు ఎగ్గొట్టించి ఆ గంటల్లో కూడా ప్రాబ్లమ్సే చేయించే కాలేజీలు ఈ సంగతి చెప్పవు. హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉన్న బిట్స్ పిలానీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 75 శాతం, ఒక్కోదాంట్లో కనీసం 60 శాతం అడుగుతారు. మెడిసిన్ కోసం నీట్ రాసేవాళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మార్కుల నిబంధనను ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఎంట్రన్స్ ర్యాంకు రాకపోతే మిగిలే దారి డిగ్రీ. ఉస్మానియా, కాకతీయ వంటి యూనివర్సిటీల పరిధిలోని కాలేజీల్లో డిగ్రీ సీట్లు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ద్వారా నింపుతారు. అక్కడ ఎంట్రన్స్ ఉండదు, చూసేది ఇంటర్ మార్కులే. వాటిని వదిలేసుకున్న పిల్లలకు ఆ దారిలోనూ మంచి కాలేజీ దొరకడం కష్టం.

గ్రూపు దగ్గర మేం ఎక్కువగా చూసే పొరపాటు, లెక్కలంటే భయంతో, మ్యాథ్స్ సబ్జెక్టు లేని బైపీసీకో సీఈసీకో వెళ్లడం. బైపీసీ ఫిజిక్స్‌లో లెక్కలు ఉంటాయి, నీట్‌లోనూ ఉంటాయి. సీఈసీ తీసుకుని సీఏ వైపు వెళ్తే ఫౌండేషన్‌లో క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ ఒక పూర్తి పేపరు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్‌కు మ్యాథ్స్ తప్పనిసరి, కాబట్టి కామర్స్ ఇష్టపడే పిల్లలు లెక్కల్లో ఓ మోస్తరుగా ఉన్నా ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) మేలని నా అభిప్రాయం. సైన్యంలో అధికారులయ్యే ఎన్డీఏలో నేవీ, ఎయిర్‌ఫోర్స్ విభాగాలకు, పైలట్ లైసెన్సుకు ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉండాలి. బీఫార్మసీకి ఎంపీసీ, బైపీసీ ఏదైనా సరిపోతుంది. ఐదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా పర్లేదు.

పదో తరగతి మార్కులతోనే సీటు ఇచ్చే చోటు కూడా ఉంది. బాసర ఆర్జీయూకేటీలో, అంటే బాసర ట్రిపుల్ ఐటీలో, ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్‌కు ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మెరిటే ఆధారం. 600లో ప్రతి మార్కూ అక్కడ లెక్కలోకి వస్తుంది, అందుకే 20 మార్కుల ఇంటర్నల్స్‌ను తేలిగ్గా తీసుకోకండి. పాలిసెట్ రాసి డిప్లొమా చేస్తే ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. చేతిపని మీద ఆసక్తి ఉన్న పిల్లలకు అది చాలా మంచి దారి, చిన్నచూపు చూడకండి.

మెడిసిన్ ఆలోచన ఉంటే ఇంటర్‌కు రాజస్థాన్‌లోని కోటాకో, బెంగళూరుకో, విజయవాడకో పంపే ముందు ఆగి చూసుకోండి. 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం వైద్య కోర్సుల్లో స్థానిక కోటాకు 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. కొన్ని ఉద్యోగ కుటుంబాలకు మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయేమో ఉత్తర్వులు చదివి నిర్ధారించుకోండి.

కాలేజీకి వెళ్లినప్పుడు ఏసీ గదులు కాదు, ల్యాబులు చూపించమనండి. ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతిలో రెండో ఏడాది సైన్సు ప్రాక్టికల్స్ ఒక్కోదానికి 30 మార్కులు. ఇంటర్ బోర్డు గుర్తింపు ఏ క్యాంపస్ పేరు మీద ఉందో, మీ పిల్లలు కూర్చునే క్యాంపస్ అదేనో కాదో అడగండి. మొదటి ఏడాది మార్కులు తగ్గితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాయిస్తారా అన్నది కూడా అడగండి. వీటికి సూటిగా జవాబు వచ్చాకే అడ్వాన్సు కట్టండి. ఏ గ్రూపు అన్నది తేలకపోతే, ఎనిమిది, తొమ్మిది తరగతుల మార్కులు తీసుకుని పిల్లలతో కలిసి మీ క్లాస్ టీచర్ దగ్గరికి రండి.

మీ
ప్రధానోపాధ్యాయులు