సెక్షన్ 42 నోటీసు 15 రోజులు లేటుగా ఇచ్చినందుకు ఫిర్యాదు

కంప్లయింట్స్ చూసే పార్ట్‌నర్ గారికి,

నమస్కారం అండి. ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊళ్ళో ఉన్న మా టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ లీజు ఎక్స్‌టెన్షన్ పని మీ సొలిసిటర్స్ ఆఫీసుకి ఇచ్చాం. మొదటి ఫోన్ నుంచి మీ వాళ్ళతో అన్నీ తెలుగులోనే మాట్లాడుకున్నాం కాబట్టి ఇది కూడా తెలుగులోనే రాస్తున్నా, దీన్ని మామూలు ఈమెయిల్‌ అనుకోకుండా ఫార్మల్ కంప్లయింట్‌గా తీసుకోండి.

మా లీజు 2006 జూన్ 24 నుంచి 99 ఏళ్ళు. అంటే 2025 జూన్ 24 కల్లా సెక్షన్ 42 నోటీసు, అదే లీజు పొడిగించమని ఫ్రీహోల్డర్‌కి (స్థలం అసలు యజమానికి) ఇచ్చే నోటీసు, వెళ్ళిపోకపోతే మిగిలిన కాలం 80 ఏళ్ళ కిందకి పడిపోతుంది. 80కి పైన ఉండగా నోటీసు ఇస్తే మ్యారేజ్ వాల్యూ సున్నా, కిందకి పడ్డాక ఇస్తే లీజు పెరిగినందువల్ల వచ్చే విలువలో సగం ఫ్రీహోల్డర్‌కి కట్టాలి, లెక్క కట్టేది నోటీసు ఇచ్చిన రోజుని బట్టే. మేం 2023 అక్టోబర్‌లో కొన్నాం, పాత రూల్ ప్రకారం రెండేళ్ళు ఓనర్‌గా ఉంటే తప్ప అడగడానికి లేదు, అంటే 2025 అక్టోబర్ దాకా ఆగాలి, అప్పటికి 80 కిందకి పడిపోతుందని మా ఆవిడా నేనూ ఆశ వదిలేసుకున్నాం. 2025 జనవరి 31న ఆ రెండేళ్ళ రూల్ తీసేశారు. అది శుక్రవారం. సోమవారం ఫిబ్రవరి 3న మీ ఆఫీసులో సంతకం పెట్టి 600 పౌండ్లు కట్టాను, దొరికిన టైమ్‌లో ఒక్క రోజు కూడా నా వల్ల వేస్ట్ కాలేదు.

మార్చిలోనే సర్వేయర్ రిపోర్ట్ పంపించాను. అందులో రెండో పేజీలో బోల్డ్‌లో ఉంది, జూన్ 24 లోపల నోటీసు ఇస్తే ఫ్రీహోల్డర్‌కి కట్టాల్సిన ప్రీమియం సుమారు 8,900 పౌండ్లు, దాటితే సుమారు 15,300 అని. ఆ పేజీ ఫోటో తీసి ఎర్ర గీత గీసి మళ్ళీ విడిగా మెయిల్ చేశాను కూడా. ఏప్రిల్‌లో రెండుసార్లు, మే 27న ఒకసారి ఫోన్ చేస్తే మా ఫైల్ చూసే సొలిసిటర్ "కంగారు పడకండి అన్నా, ఫైల్ నా టేబుల్ మీదే ఉంది" అన్నారు. ఇంకోసారి అయితే 2024 లీజు సంస్కరణల చట్టం వచ్చింది కదా మ్యారేజ్ వాల్యూ ఎలాగూ తీసేస్తున్నారు అన్నారు. ఆ చట్టానికి 2024 మే 24న రాజముద్ర పడిన మాట నిజమే కానీ మ్యారేజ్ వాల్యూ తీసేసే సెక్షన్లు అప్పటికి అమల్లోకి రాలేదు, పాత 1993 లీజు చట్టం లెక్కే నడుస్తోంది. ఈ పని చేసే ఆఫీసులో అది తెలియకుండా ఎలా చెప్తారండి, నాకు చాలా బాధేసింది.

జూన్ 20న నేనే మీ ఆఫీసుకి వచ్చాను. రిసెప్షన్‌లో అరగంట కూర్చున్నాక ఆ సొలిసిటర్ లీవ్‌లో ఉన్నారని చెప్పారు, వేరే వాళ్ళెవరూ ఫైల్ తెరవలేదు. నోటీసు జులై 9న వెళ్ళింది. 15 రోజులేగా అన్నారు మీ అసిస్టెంట్, ఆ 15 రోజుల ఖరీదు మాకు 6,400 పౌండ్లు. మా పాప నర్సరీ ఫీజుకి పక్కన పెట్టుకున్న డబ్బులు అవి. సెప్టెంబర్ 12న మా నోటీసుకి జవాబుగా వచ్చిన కౌంటర్ నోటీసులో ఫ్రీహోల్డర్ 19,750 అడిగారు, బేరం ఆడినా ఇప్పుడు మొదలయ్యేదే మ్యారేజ్ వాల్యూతో కలిపి.

నాకు కావల్సింది ఇది. లేటు వల్ల ప్రీమియంలో పెరిగిన తేడా మీరు భరించాలి, మీ వల్ల కాకపోతే మీ తప్పుల వల్ల క్లయింట్‌కి నష్టమైతే కట్టే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఈ విషయం తెలియజేసి ఆ కాపీ నాకు పంపండి. ఏప్రిల్ నుంచి జులై దాకా వేసిన బిల్లు వెనక్కి ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యంగా, బేరం కుదరకపోతే ప్రీమియం తేల్చే ట్రిబ్యునల్‌కి అప్లికేషన్ కౌంటర్ నోటీసు ఇచ్చిన రెండు నెలల తర్వాత, ఆరు నెలల లోపల వేయాలి, అంటే 2026 మార్చి 11 లోపల, అది కూడా మిస్ అయితే నోటీసే వెనక్కి తీసుకున్నట్టు అయిపోతుంది. ఆ డేట్ మీ డైరీలో ఎవరు రాసుకున్నారో ఆ మనిషి పేరుతో ఈ వారంలోనే నాకు రాతపూర్వకంగా చెప్పండి, ఫోన్‌లో మాట మీద ఇంక నమ్మకం లేదు.

ఎనిమిది వారాల్లో మీ ఫైనల్ జవాబు రాకపోయినా, వచ్చింది నాకు సరిపోకపోయినా లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్తాను. సర్వేయర్ రిపోర్ట్, కాల్ లాగ్, మెయిల్స్ అన్నీ జత చేశాను. ఫైల్ ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయి, అడిగినప్పుడు కాపీ ఇవ్వడానికి రెడీగా పెట్టండి.

ఇట్లు,
మీ క్లయింట్, రీడింగ్ ఫ్లాట్ ఓనర్