కొన్న రోజే, మార్చే ఏడాది కూడా రాయించండి

ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల అభివృద్ధి, ఐటీ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను మన రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ పరిపాలనా భవనంలో సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. ఏ యూనివర్సిటీయో రాయడం లేదు. రాస్తే మావాళ్ళు ముందు నాకు మెమో ఇచ్చి, కంప్యూటర్ల సంగతి ఆ తర్వాత చూస్తారు.

నా బల్ల మీదున్న సిస్టమ్ 2013లో కొన్నది. స్విచ్ వేశాక పని మొదలుపెట్టడానికి పావుగంట పడుతుంది. కొత్తగా చేరిన అవుట్‌సోర్సింగ్ కుర్రాడు మొదటిరోజు అది పాడైపోయిందనుకుని ప్లగ్ పీకేశాడు. మళ్ళీ వేస్తే డిస్క్ చెకింగ్ అంటూ ఇంకో అరగంట తినేసింది. అప్పటినుంచి మానిటర్ అంచుకి ఒక చీటీ అంటించాం: "ఆగండి, వస్తోంది."

ఇది నా ఒక్కడి బల్ల గోడే అయితే మీదాకా తెచ్చేవాణ్ణి కాదు. మీ దగ్గర విద్యాశాఖ ఉంది, ఐటీ శాఖా ఉంది. 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో వాట్సాప్‌లో 'మన మిత్ర' మొదలైంది. ప్రజలు ఫోన్‌లో ఒక మీట నొక్కితే కాగితం వచ్చేయాలన్నారు. మంచి మాటే. అయితే అటు మీట నొక్కినప్పుడు ఇటు డేటా ఉండాలి కదా. యూనివర్సిటీలో ఆ డేటాని ఎక్కించేది మా సెక్షన్లలో కూర్చున్నవాళ్ళు. వాళ్ళ ముందున్న సిస్టమ్‌ల సంగతే ఈ ఉత్తరం.

మా దగ్గర డెడ్ స్టాక్ రిజిస్టర్ అని ఒకటుంటుంది. కొన్న తేదీ, బిల్లు నంబరు, ధర, ఎన్ని, ఎవరికి ఇచ్చాం, సంతకం: వీటన్నిటికీ గడులున్నాయి. ఎప్పుడు మార్చాలి అనడానికి మాత్రం గడి లేదు. పేరులోనే డెడ్ ఉంది గానీ, అందులోకి ఎక్కిన వస్తువు ఏదీ అంత తేలిగ్గా చావదు. బీరువాకి, కుర్చీకి ఆ పద్ధతి సరిపోతుంది. మా తాతలనాటి టేకు బల్ల ఇంకా గట్టిగానే ఉంది. కంప్యూటర్‌ని కూడా టేకు బల్లలాగే రాసుకున్నాం, తప్పంతా అక్కడే ఉంది.

మాకు కంప్యూటర్లు ఎలా వస్తాయో చెబుతాను. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకి, పెన్షన్లకి పోతుంది. సిస్టమ్‌లు కొనడానికి ఏటా ఇంత అని పక్కన పెట్టే అలవాటు లేదు. ఏదో ఒక పథకం వస్తేనే కొంటాం. ఒకప్పుడు యూజీసీ ప్లాన్ నిధులు, 2013 తర్వాత ఉన్నత విద్యకి కేంద్రం పెట్టిన రూసా పథకం, 2023 నుంచి దాని స్థానంలో వచ్చిన పీఎం ఉషా. మధ్యలో ఏ ప్రొఫెసర్‌కో ప్రాజెక్టు వస్తే అందులో నాలుగు. డబ్బు వచ్చేది ఆలస్యంగా, ఖర్చు చేయాల్సింది మార్చి 31 లోపల. డబ్బు ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. దాంతో ఫిబ్రవరిలో నిద్రలేచి, అందరికీ ఒకే రకం, ఒకే రోజున కొంటాం. ఒకే బ్యాచ్‌లో వచ్చినవి ఒకే ఏడాదిలో మూలపడతాయి. ఆ ఏడాది ఏ పథకమూ ఉండదు.

కొనేటప్పుడు ఇంకో తమాషా. స్పెసిఫికేషన్ రాసేవారు ఆ సిస్టమ్ మీద పనిచేసేవారు కారు. ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవారు ఎవరైతే వాళ్ళకే ఆర్డరు. నేను చూసిన ఒక బ్యాచ్‌లో మంచి ప్రాసెసర్ పెట్టి, ధర తగ్గడానికి 4 జీబీ ర్యామ్, పాతరకం హార్డ్ డిస్క్ తీసుకున్నారు. కొత్త బండి కొని సైకిల్ టైర్లు వేసినట్టయింది. మూడేళ్ళ వారంటీ అయ్యాక ఏఎంసీ, అంటే ఏడాదికింత అని నిర్వహణ ఒప్పందం. అందులో విడిభాగాలు కలవవు. వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డి డిస్క్ వేస్తే ఇంకో మూడేళ్ళు హాయిగా నడిచే సిస్టమ్‌కి, ఆ కొద్ది వేల రూపాయల కోసం ఇండెంట్, మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, ఫైనాన్స్ ఆఫీసర్ సంతకం కావాలి. ఫైలు నడిచిన ఖర్చు ఎస్‌ఎస్‌డి ధరను దాటిపోతుంది.

వచ్చినవి ఎవరికి పోతాయి? ముందు పై అధికారుల ఛాంబర్లకి. ఛాంబర్‌లోని పాతది సెక్షన్‌కి, సెక్షన్‌లోది డిపార్ట్‌మెంట్‌కి. ఇళ్ళలో అన్న చొక్కా తమ్ముడికి దిగినట్టు. పరీక్షల విభాగంలో రోజంతా వేల మార్కులు ఎక్కించే డేటా ఎంట్రీ ఆపరేటరుకి అందేసరికి ఆ చొక్కాకి బొత్తాలు కూడా ఉండవు. పెద్ద స్క్రీన్ ఉన్న కొత్త సిస్టమ్ ఒక ఛాంబర్‌లో సీసీ కెమెరాలు చూడటానికి మాత్రమే వాడటం నేను కళ్ళారా చూశాను.

కాంట్రాక్టు అధ్యాపకులకైతే ఆ పాత చొక్కా కూడా లేదు. వాళ్ళు ఈఎంఐ మీద సొంత ల్యాప్‌టాప్ కొనుక్కుంటారు. యూనివర్సిటీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ పనికి డేటా నింపేది అందులోనే, ప్రశ్నపత్రం తయారుచేసేది అందులోనే, ఇంటికెళ్ళాక పిల్లలు ఆటలాడుకునేది కూడా అందులోనే. ప్రశ్నపత్రాల గోప్యత గురించి మేము ఏటా సర్క్యులర్ ఇస్తాం. అది ఏ యంత్రంలో తయారవుతోందని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు అసలు టెన్షన్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. అంటే దాదాపు 2017 చివరి నుంచి వచ్చినవి. రూసా మొదటి రోజుల్లో కొన్న బ్యాచ్‌లన్నీ ఆ గీతకి ఇవతలే ఉండిపోయాయి. అవి ఈరోజు కూడా నెట్‌కి కలిపి, విద్యార్థుల ఆధార్ కాపీలతో, మార్కుల జాబితాలతో నడుస్తున్నాయి. నా సిస్టమ్‌లో అయితే విండోస్ 7 ఉంది. దాని సపోర్ట్ 2020 జనవరిలోనే పోయింది. అవుతున్న పనిని కదిలించడం ఎందుకని ఎవరూ ముట్టుకోలేదు.

పాతదైతే ఏమవుతుందో మన రాష్ట్రానికి తెలుసు. 2017 మే నెలలో, ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు మన పోలీసు శాఖ కంప్యూటర్లకీ తగిలింది. దాన్ని ఆపే అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే అంత పెద్ద ఆసుపత్రి కొన్నాళ్ళపాటు కాగితం మీద చీటీలు రాసుకుంది. మా పరీక్షల విభాగానికి అలాంటిది ఫలితాల వారంలో వస్తే ఏం చేస్తామని ఒక సమావేశంలో అడిగాను. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందన్నారు. ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

పాతవాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు, చాలాచోట్ల వేయాలి కూడా. కేరళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ బడుల్లోని కంప్యూటర్లని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడిపిస్తోంది. మా సెక్షన్ల పనిలో చాలాభాగం ఇప్పుడు బ్రౌజర్‌లోనే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఒక్కచోట బండి ఆగిపోతుంది, అది తెలుగు దగ్గర.

మా దూరవిద్య పాఠాలు, పాత నోటీసులు, తెలుగు శాఖ ప్రచురణలు ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో కొట్టించాం. అది యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా చదవగలిగే ప్రమాణం) కాదు. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. అందుకే మా డీటీపీ ఆపరేటర్ తన పాత సిస్టమ్‌ని ఎవరినీ తాకనివ్వడు. కొత్తది ఇస్తామంటే వద్దన్న మనిషి మొత్తం క్యాంపస్‌లో ఆయన ఒక్కడే. మొండితనం అనుకున్నాం. ఆ డబ్బా పోతే ఇన్నేళ్ళ పాఠాలు చదవడానికి రావని ఆయనకి తెలుసు, మాకు తెలియదు, అంతే తేడా. మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. కానీ ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, ఎవరో కూర్చుని ప్రూఫు చూడాలి. డబ్బా మార్చడం ఒక రోజు పని. అందులో ఉన్నదాన్ని మార్చడానికి మనిషీ, గడువూ, గౌరవ వేతనమూ కావాలి. ఏ పథకంలోనూ దానికి పద్దు ఉండదు.

చచ్చిపోయినవాటి కథ వేరే. వస్తువు పనికిరాదని తేల్చే కండెమ్నేషన్ కమిటీలో సంతకం పెట్టాలంటే అందరికీ ఆడిట్ భయం. పాత హాస్టల్ గది ఒకటి లావుపాటి మానిటర్లతో నిండిపోయి ఉంది, మనిషి దూరే సందు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు వీటిని నమోదైన రీసైక్లర్ల లాంటివారికే ఇవ్వాలి. పాత ఇనుము వేలంపాటలో కలిపి అమ్మడం కుదరదు. అమ్మినా, ఇచ్చినా హార్డ్ డిస్కులు తుడిచారా అని అడిగే గడి మా ఫారంలో లేదు.

నా సహోద్యోగి ఒకాయన రిటైరయ్యారు. బాకీలేవీ లేవని ఇచ్చే నో డ్యూస్ కోసం వెళ్తే ఆయన పేరు మీద ఒక సీపీయూ తేలింది. ఎప్పుడో రిపేరుకి పంపారు, ఆ షాపు మూతబడింది. పెన్షన్ కాగితాలు ఆగిపోయాయి. మూడు నెలలు తిరిగి తిరిగి, చివరికి పాతసామాన్ల కొట్లో లోపల ఏమీ లేని ఖాళీ డబ్బా ఒకటి కొని స్టోర్స్‌లో అప్పజెప్పారు. తీసుకున్నారు. లెక్క సరిపోయింది.

కాబట్టి అడుగుతున్నాను. రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ ఒకే జీవో ఇప్పించండి. కంప్యూటర్ కొన్న రోజే రిజిస్టర్‌లో అది మార్చాల్సిన ఏడాది కూడా రాయాలి, ఐదేళ్ళు దాటకూడదు. ఏటా ఐదో వంతు మారాలి, అందుకు బ్లాక్ గ్రాంటులో విడిగా పద్దు ఉండాలి. ఒక యూనివర్సిటీలో 500 సిస్టమ్‌లు ఉన్నాయనుకుందాం. ఏటా 100 మార్చాలి. ఒక్కోటి 50 వేలనుకుంటే 50 లక్షలు. చిన్న మొత్తం కాదు, నిజమే. కానీ ఏటా తెలిసి పెట్టే ఖర్చు, ఏదో ఒక మార్చిలో హడావుడిగా రెండున్నర కోట్లు పెట్టేది కాదు. సర్కారు తరఫున ఐటీ సామగ్రి కొనిపెట్టడానికి ఏపీటీఎస్ (ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్) ఎలాగూ ఉంది. అన్ని యూనివర్సిటీలకీ కలిపి ఒకే రేటు మాట్లాడితే ఆ ధర ఇంకా తగ్గుతుంది.

కొత్తది ముందు ఎవరికన్నది హోదా చూసి కాకుండా పని చూసి తేల్చండి. పరీక్షల విభాగం, అకౌంట్స్, అడ్మిషన్లు ముందు. కాంట్రాక్టు అధ్యాపకులను లెక్కలోకి తీసుకోండి, పాఠం చెప్పేటప్పుడు వాళ్ళు లెక్కలోనే ఉన్నారు. కేంద్ర ఆర్థికశాఖ 2023 జులైలో తన అధికారులకు ల్యాప్‌టాప్‌లిస్తూ, నాలుగేళ్ళు నిండాక, డేటా తుడిచేశాక, వాళ్ళే ఉంచుకోవచ్చంది. అలాంటి వెసులుబాటు మాకూ ఇస్తే సగం కండెమ్నేషన్ ఫైళ్ళు పుట్టనే పుట్టవు. 5,000 రూపాయల లోపు రిపేరుని సెక్షన్ స్థాయిలోనే చేయించుకునే అధికారం ఇవ్వండి. అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి తెచ్చే పనికి మా డీటీపీ ఆపరేటర్ రిటైరయ్యేలోపు డబ్బు మంజూరు చేయండి. ఆయనకి ఇంకా రెండేళ్ళుంది.

నాకు అంత కూడా లేదు. నా పేరు మీద ఉన్న వస్తువుల జాబితా ఇప్పటినుంచే రాసుకుంటున్నాను. బల్ల ఒకటి, కుర్చీ ఒకటి, స్టీలు బీరువా ఒకటి, 2013 నాటి సిస్టమ్ ఒకటి. నా తర్వాత ఆ సీట్లోకి వచ్చేవారికి ఇవన్నీ అప్పగించి సంతకం తీసుకోవాలి. మానిటర్‌కి అంటించిన చీటీని ఏ పద్దు కింద రాయాలో మాత్రం తెలియడం లేదు.

ఇట్లు,
ఒక రాష్ట్ర యూనివర్సిటీ సూపరింటెండెంటు