రెండు గ్రూపులూ మెరుగయ్యాయట

చిన్నీ,

ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి బీపీ 130 దగ్గర నిలకడగా ఉంది. ఊరగాయ జాడీలన్నీ పై అరలోకి ఎక్కించేశాను, ఆయనకి అందవు. సుబ్బలు పిన్ని గృహప్రవేశం బాగా జరిగింది. నువ్వు రాలేదేమని అందరూ అడిగితే ఫీల్డులో ఉందని చెప్పాను. ఉన్నావో లేదో నాకేం తెలుసు, ఫోనెత్తితే కదా.

శేషు మావయ్య వచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే "చిన్ని పీహెచ్‌డీ వదిలేస్తోందట కదక్కా" అన్నాడు. వాడికి బుజ్జి చెప్పిందట. నీ ఊళ్ళలో పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి పరీక్షలో, పథకం పెట్టిన గ్రూపూ పెట్టని గ్రూపూ, రెండూ సమానంగా మెరుగయ్యాయనీ, తేడా సున్నా అనీ, మీ గైడు మొహం ముడుచుకున్నాడనీ ఏవేవో కలిపాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. ఈ ఉత్తరం దాని గురించి కూడా కాదు. ఆర్థికవేత్త ఎమీ ఫింకెల్‌స్టైన్ పేపర్లు మళ్ళీ తిరగేస్తుంటే నీతో మాట్లాడాలనిపించింది, అంతే.

ఆవిడకి 2012లో జాన్ బేట్స్ క్లార్క్ మెడల్, 2018లో మకార్థర్ ఫెలోషిప్ వచ్చాయని అందరూ చెప్పుకుంటారు. ఆవిడ చేతుల మీదుగా వచ్చిన సున్నాల సంగతి ఎవరూ ఎత్తరు. 2008లో ఒరెగన్ రాష్ట్రం పేదల ఆరోగ్య బీమాకి లాటరీ తీసింది. గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ పోల్చి 2013లో ఫలితాలు వేశారు. బీపీలో, కొలెస్టరాల్‌లో, మూడు నెలల షుగరు పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. డిప్రెషన్ మాత్రం మూడోవంతు దాకా తగ్గింది, వైద్యం అప్పుల భయమూ తగ్గింది. బీమా దండగ అన్నవాళ్ళు మొదటి వాక్యం పట్టుకున్నారు, బీమా కావాలన్నవాళ్ళు రెండోది. ఆవిడ రెండూ ఒకే పేపర్లో రాసింది.

దానికన్నా క్యామ్డెన్ సంగతి నీకు ఎక్కువ పనికొస్తుంది. న్యూజెర్సీలో పేద ఊరు అది. జెఫ్రీ బ్రెన్నర్ అనే ఫ్యామిలీ డాక్టరు అక్కడి ఆసుపత్రుల బిల్లులన్నీ పోగేసి చూస్తే, కొద్దిమందే పదే పదే చేరుతూ ఖర్చులో పెద్ద భాగం లాగేస్తున్నారని తేలింది. అలాంటివాళ్ళు డిశ్చార్జ్ కాగానే నర్సు, సోషల్ వర్కరు, ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్ళడం, మందుల సంచి విప్పి ఏది ఎప్పుడు వేసుకోవాలో సరిచూడడం, డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని తీసుకెళ్ళడం, ఇదీ ఆయన పథకం. దేశమంతా పేరొచ్చింది, 2013లో ఆయనకీ మకార్థర్ వచ్చింది. అంత పేరొచ్చాక కూడా ఆయన పెట్టిన సంస్థ ఫింకెల్‌స్టైన్ బృందాన్ని లోపలికి రానిచ్చి, లాటరీ వేసి పరీక్షించడానికి ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడం నాకు బహుమతి కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. 2014 నుంచి 2017 దాకా 800 మందిని చేర్చుకున్నారు. ఆరు నెలల్లోపు మళ్ళీ ఆసుపత్రి పాలైనవాళ్ళు పథకంలో 62.3 శాతం, మామూలు వైద్యం దొరికినవాళ్ళలో 61.7 శాతం. తేడా లేదు. 2020 జనవరిలో ఆ అంకెలు అలాగే అచ్చయ్యాయి.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. పథకంలో ఉన్నవాళ్ళని మాత్రమే ముందూ తరువాతా చూసి ఉంటే ఆసుపత్రి చేరికలు 38 శాతం తగ్గినట్టు కనపడేది. కంట్రోల్ గ్రూపులో, అంటే మామూలు వైద్యం దొరికినవాళ్ళలో కూడా దాదాపు అంతే తగ్గాయి. మనిషి మరీ దిగజారి ఉన్న సమయంలో ఎంచుకుంటాం కనుక, ఆ తర్వాతి నెలల్లో మనం ఏం చేసినా చేయకపోయినా కొంత తేరుకుంటాడు. లాటరీ లేకపోతే ఆ తేరుకోవడమంతా నర్సుల ఖాతాలో పడేది, దాని మీద మరో పది ఊళ్ళలో డబ్బు పోసేవాళ్ళు.

నీ దగ్గర రెండు గ్రూపులూ మెరుగయ్యాయంటే నాకు మొదట తట్టింది అదే. నీది జ్ఞాపకశక్తి పరీక్ష కనుక ఇంకోటి కూడా ఉంటుంది. అదే పదాల పట్టిక రెండోసారి చదివితే ముసలివాళ్ళకైనా కొన్ని పదాలు ఎక్కువ గుర్తొస్తాయి. ఆరో నెలకి వేరే పట్టిక వాడావా, పాతదేనా? వేరేదైతే రెండూ సమానమైన కష్టమేనని పైలట్‌లో చూశావా? చదువురాని పెద్దవాళ్ళకి బొమ్మలతో పెట్టావా? పరీక్ష పెట్టిన అమ్మాయికి ఎవరు ఏ గ్రూపో తెలుసా? ఇవి తేలకుండా సున్నా అనకు. తేలాక కూడా సగటు తేడా ఒక్కటే చూడకుండా దాని ఇంటర్వెల్, అంటే అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో ఆ పరిధి చూడు. కనీసం ఎన్ని మార్కులు పెరిగితే మనిషికి రోజువారీ పనిలో తెలుస్తుందని ప్రోటోకాల్‌లో రాశావో, ఆ అంకె ఇంటర్వెల్ బయట ఉంటే నీ సున్నా గట్టిది. లోపల ఉంటే నీకు మనుషులు చాలలేదని అర్థం. రెండూ వేరువేరు వాక్యాలుగా రాయాలి. మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు చేసిన ప్రధాన ఫలితాన్ని మాత్రం ఇప్పుడు మార్చకు, ఎవరు చెప్పినా సరే. మీ గైడు చెప్పినా.

లెక్చరు ఇవ్వకూడదనే కూర్చున్నాను, ఇచ్చేస్తున్నాను. పొద్దున్న ఏమైనా తింటున్నావా? పెరుగు బయటిది కొనకు, తోడు పెట్టుకో.

మీ మెదడు శాస్త్రంవాళ్ళ సంగతీ చూడు. లండన్‌లో జాన్ ఓకీఫ్ 1971లో ఎలుక మెదడులో జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్‌లో 76 కణాలు చూస్తే, ఎలుక ఎక్కడుందో దాన్నిబట్టి మోగినవి 8. ఆ ఎనిమిదింటి మీద వాదించి వాదించి 2014లో నోబెల్ అందుకున్నాడు. తెర్యే లోమో కథ వేరు. ఓస్లోలో 1966లో కుందేలు మెదడుకి చకచకా కరెంటు తట్లు ఇస్తే ఆ నరాల కూడలి గంటల తరబడి బలంగా ఉండిపోవడం ముందుగా చూసినవాడు ఆయన. 1973లో టిమ్ బ్లిస్‌తో కలిసి పూర్తి పేపరు రాశాడు. 2016లో ఆ విషయానికే పది లక్షల యూరోల బ్రెయిన్ ప్రైజ్ బ్లిస్, కాలింగ్‌రిడ్జ్, మోరిస్ పంచుకున్నారు. లోమో పేరు లేదు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. పేపరు మీద ఆయన పేరు ఉంది కాబట్టే కదా ఈ మాట అనగలుగుతున్నాను. రాయకుండా వెళ్ళిపోయి ఉంటే నాకు ఆయనెవరో తెలిసేదే కాదు.

మన ఆంధ్రా యూనివర్సిటీలోనే బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్‌ని చూడు. మందుల్ని విరగ్గొట్టే పని కాలేయానిదే అనుకుంటున్న రోజుల్లో మెదడు కూడా తన పద్ధతిలో చేస్తుందని చూపించింది. 1996లో భట్నాగర్ బహుమతి, 2010లో పద్మశ్రీ. ఆ తర్వాత హాయిగా కూర్చోవచ్చు. అయినా కోలారు జిల్లా శ్రీనివాసపురంలో 45 దాటిన పదివేల మందిని ఏళ్ళ తరబడి వెంబడించే అధ్యయనం నెత్తినేసుకుంది. అలాంటి పనిలో తొందరగా పేపరు రాదు.

2014లో ఇన్ఫోసిస్ బహుమతి లైఫ్ సైన్సెస్‌లో మెదడు ఎలా తయారవుతుందో చెప్పే శుభా తొలేకి, సోషల్ సైన్సెస్‌లో ఎస్తేర్ డుఫ్లోకి వచ్చింది. నీ థీసిస్ ఆ రెండిటి మధ్యా ఉంది. డుఫ్లోవాళ్ళు ఉదయపూర్ దగ్గర 134 ఊళ్ళలో టీకాల పని చేశారు. ఏమీ చేయని ఊళ్ళలో అన్ని టీకాలూ పడిన పిల్లలు 6 శాతం, నెలనెలా తప్పకుండా క్యాంపు పెడితే 18, క్యాంపుతో పాటు టీకాకో కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్ళేల సెట్టు ఇస్తే 39. పప్పు ఇస్తే ఖర్చు పెరగాలి కదా? పూర్తిగా టీకాలు పడిన ఒక్కో బిడ్డకి 56 డాలర్ల నుంచి 28కి పడింది. నర్సు జీతం పిల్లలొచ్చినా రాకపోయినా ఒకటే, ఎక్కువమంది వచ్చేసరికి అది పంచుకుపోయింది. అదే జిల్లాలో నర్సుల హాజరుకి టైము ముద్ర వేసే యంత్రం పెడితే మొదట్లో బాగా పనిచేసి, మినహాయింపు రోజులు ఎక్కువైపోయి 16 నెలలకి తేడా మాయమైంది. ఆ వైఫల్యమూ వాళ్ళు అచ్చువేశారు.

నీ ఖర్చుల అధ్యాయానికి ఒక్క మాట. ఫలితం సున్నా దగ్గర ఉన్నప్పుడు ఐసీఈఆర్, అంటే అదనపు ఖర్చుని అదనపు ఫలితంతో భాగించే నిష్పత్తి వేయకు. భాగహారంలో కింద సున్నా లాంటి అంకె ఉంటే నిష్పత్తి ఆకాశానికైనా పోతుంది, మైనస్సుకైనా పోతుంది. మైనస్ వచ్చిందంటే మేలు చేస్తూ చవకైందో, కీడు చేస్తూ ఖరీదైందో ఆ అంకె చెప్పదు. నికర లాభం లెక్క వేయి. ఒక క్వాలీకి, అంటే పూర్తి ఆరోగ్యంతో గడిచే ఒక ఏడాదికి, ఎన్ని రూపాయలు పెట్టొచ్చో అనుకుని, దాంతో అదనపు ఫలితాన్ని గుణించి, అదనపు ఖర్చు తీసెయ్యి. ఆ రూపాయల్ని మారుస్తూ గీత గీయి. బూట్‌స్ట్రాప్ చేసేటప్పుడు, అంటే ఉన్న డేటాలోంచే మళ్ళీ మళ్ళీ నమూనాలు తీసేటప్పుడు, మనుషుల్ని విడివిడిగా తీయకు, ఊళ్ళని తీయి. నువ్వు లాటరీ వేసింది ఊళ్ళకి. ఖర్చుల్లో ట్రైనర్ల జీపు, శిక్షణ రోజులు, పెద్దాయన్ని తీసుకొచ్చిన కోడలు పోగొట్టుకున్న కూలి, అన్నీ ఉండాలి. డేటా మూడు చోట్ల దాచు. ఒకటి నీ గదిలో ఉండకూడదు.

వదిలేస్తానంటే నేను కాదనను, నీ ఇష్టం. ఆ రెండు అధ్యాయాలు రాసి, జర్నల్‌కి పంపి, అప్పుడు వదిలేయి. బుజ్జి చేత కబురు పెట్టించకు.

ఎదురింటి వాళ్ళబ్బాయి శుక్రవారం ప్రశాంతిలో బయల్దేరుతున్నాడు. సున్నుండలు, కందిపొడి, నీ కొత్త కళ్ళజోడు పంపిస్తున్నాను. పవరు మారింది, పాతది పెట్టుకుని స్క్రీను ముందు కూర్చోకు. స్టేషన్‌కి నువ్వే వెళ్ళి తీసుకో. డబ్బా ఖాళీ చేసి తిరిగి అతనికే ఇవ్వు. కంట్రోల్ గ్రూపు మార్కుల పట్టిక, మొదటి రోజుదీ ఆరో నెలదీ, పేర్లు తీసేసి నాకు మెయిల్ చేయి. ఆదివారం కూర్చుని చూస్తాను.

అమ్మ