పాత వెర్షన్ తీసేయమన్నది మీరే

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మొరాయించింది, పది నిమిషాల్లో మేమే బాగుచేసుకున్నాం. దాన్ని వదిలేయండి. పదకొండు రోజులు ఫోన్ పట్టుకు వేలాడదీసినందుకు రాస్తున్నాం.

కొత్త వెర్షన్ వేశాక పాతది అన్‌ఇన్‌స్టాల్ చేయమని మెయిల్ పంపింది మీరే. చేశాం. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, స్టాక్ కనిపించింది. ప్రింట్ నొక్కగానే ఎంఎస్‌వీసీఆర్120.డీఎల్ఎల్ అనే ఫైలు లేదని ఎర్రర్. మీకు సంబంధమే లేని కాటా లేబుల్ ప్రోగ్రాం కూడా అదే మాట అంది. ఆ ఒక్క ముక్క వింటే చాలు, పోయింది ఇద్దరూ వాడుకునే ఫైలని అర్థం కావడానికి. వినేవారేరీ?

మొదటాయన రీస్టార్ట్ చేయమన్నారు. రెండో ఆయన కొత్త వెర్షన్‌నే నాలుగుసార్లు వేయించారు. మూడో ఆవిడ ఎనీడెస్క్‌లో (దూరం నుంచే మా కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం) వచ్చి, ఏదో సైట్ నుంచి ఆ ఫైలు దించి విండోస్ వారి సిస్టం32 ఫోల్డర్‌లో పడేశారు. "64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాం సిస్‌వావ్64 ఫోల్డర్‌లో చూస్తుందమ్మా" అంటే, "మా ప్రాసెస్ ఇదే సార్" అన్నారు. నాలుగో ఆయన 64 బిట్ ఫైలు తెచ్చి ప్రోగ్రాం ఫోల్డర్‌లో పెడితే 32కీ 64కీ పొత్తు కుదరలేదని చెప్పే, చివర 7బీ ఉన్న కొత్త ఎర్రర్ వచ్చింది. "చూశారా, మారింది" అని సంబరపడ్డారు. ఐదో ఆయన విండోస్ ఫార్మాట్ కొట్టమన్నారు, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టు. ఈలోగా టికెట్ రెండుసార్లు దానంతటదే మూసుకుంది. ఐదు స్టార్లు ఇవ్వమనే మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చింది.

జరిగింది ఇదీ. మీ పాత వెర్షన్ పోతూ పోతూ ఆ ఫైలుండే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2013 ఎక్స్86 (అంటే 32 బిట్) ప్యాకేజీని కూడా పట్టుకుపోయింది. మీ కొత్త ప్రోగ్రాం దాని తర్వాతి రన్‌టైం (ప్రోగ్రాం నడవడానికి కావలసిన ఫైళ్ల కట్ట) మీద నడుస్తుంది కాబట్టి తెరుచుకుంటుంది. ప్రింట్ చేసే భాగాన్ని మాత్రం మీరు ముట్టుకోలేదు, అదింకా 2013 మీదే ఉంది. 2015 నుంచి 2022 దాకా ఒకే కాపురం, 2013ది వేరు కుంపటి. 2022 ప్యాకేజీ ఉన్నా దానికి పనికిరాదు. విండోస్ ముందు ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కనుక నాలుగో ఆయన పెట్టిన ఫైలు తీసేసి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 2013 ఎక్స్86 వేశాం. కంప్యూటర్ 64 బిట్టే అయినా ప్రోగ్రాం 32 బిట్ కాబట్టి వేయాల్సింది ఎక్స్86నే. రెండు ప్రోగ్రాంలూ లేచి కూర్చున్నాయి.

తొమ్మిదేళ్లుగా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ డబ్బు) ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. దానికి దక్కిన మర్యాద ఇది! అందరూ వాడుకునే ప్యాకేజీల జోలికి మీ అన్‌ఇన్‌స్టాలర్ వెళ్లకూడదు, కొత్త సెటప్‌లో 2013 ప్యాకేజీ ఉండాలి. అప్పటిదాకా కనీసం ఆ మెయిల్ పంపడం ఆపండి. వారంలోగా విషయం తెలిసిన మనిషి ఎవరైనా ఫోన్ చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు వెళ్తుంది, ఈసారి ఏఎంసీ చెక్కు రాదు. మా బజార్లో మీ సాఫ్ట్‌వేర్ వాడే మిగతా ఆరు దుకాణాలకూ ఈ ఉత్తరం జిరాక్స్ అందుతుంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్ (ఇంకా అన్‌ఇన్‌స్టాల్ కాలేదు)