ధ్యానం కుదరడం లేదన్న మిత్రుడికి

పర్లాకిమిడి,
ఆదివారం ఉదయం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం బుధవారం అందింది. రక్తపోటు 150 దాటిందనీ, రాత్రి రెండింటికే మెలకువ వచ్చి తెల్లవార్లూ పక్క మీద దొర్లుతున్నావనీ, డాక్టరు మాత్ర రాసి ధ్యానం కూడా చెయ్యమన్నారనీ, పది రోజులు కూర్చుని ‘నా మనసు నిలవదు, ఇది నావల్ల కాదు’ అని మానేశావనీ చదివాక, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నువ్వు పొరబడింది ఆ చివరి మాట దగ్గరే.

మొదటి రెండు నెలలూ నేనూ నీలాగే అనుకున్నాను. తెల్లవారుజామున డాబా మీద చాప పరుచుకుని, మహేంద్రతనయ నది వైపు నుంచి వచ్చే చలిగాలికి తువ్వాలు కప్పుకుని కూర్చుంటే, నాలుగు ఊపిరులు లెక్కపెట్టేలోగానే మనసు దుకాణానికి పరుగెత్తేది. అరువిచ్చిన డబ్బు ఎప్పుడు వసూలవుతుందో అన్న దిగులు, దాని వెనకే అడగలేకపోయిన మాటలు, వాటి వెనక మరేవో. స్టేషను వైపు నుంచి రైలు కూత వినిపించాక గాని నేను ఊపిరిని వదిలేసి చాలాసేపయిందని తెలిసేది కాదు. అలా తెలిసిన క్షణమే ధ్యానంలో అసలు ఘట్టమని, అక్కడి నుంచి విసుక్కోకుండా మళ్ళీ ఊపిరి దగ్గరికి రావడమే సాధన అని నాకు ఆలస్యంగా బోధపడింది. ఇరవైసార్లు పారిపోతే ఇరవైసార్లు తిరిగి వచ్చినట్టే కదా! అర్జునుడంతటివాడు మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని మొరపెట్టుకుంటే కృష్ణుడు కాదనలేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసం, వైరాగ్యం కావాలన్నాడు. నువ్వు పది రోజులకే నిన్ను నువ్వు తప్పుపట్టుకోవడం నాకు బాధ కలిగించింది.

శరీరంలో ఏం జరుగుతుందని అడిగావు. మా మనవడి మణికట్టు మీద వేలు పెట్టి నేను స్వయంగా చూశాను. వాడు నెమ్మదిగా గాలి పీలుస్తున్నప్పుడు నాడి కాస్త వడిగా కొట్టుకుంది, నెమ్మదిగా వదులుతున్నప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగింది. మన వయసులో ఇంత స్పష్టంగా తెలియదు గాని, లోపలి ఏర్పాటు అదే. మెదడు నుంచి గుండెకు, పొట్టకు దిగే వేగస్ నాడి ఊపిరి వదిలేటప్పుడు గుండెకు కళ్ళెం వేస్తుంది. దిగులుతోనో కోపంతోనో ఒళ్ళంతా యుద్ధానికి సిద్ధపడినట్టు బిగుసుకుని ఉన్నప్పుడు ఆ కళ్ళెం సడలిపోతుంది. నిదానంగా ఊపిరి తీసి, అంతకన్నా నిదానంగా వదిలితే మళ్ళీ చేతికి వస్తుంది. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్, ఆయన సహచరులు 1970ల్లో ధ్యానం చేస్తున్నవారిని పరీక్షించి, ఆ సమయంలో శరీరం వాడుకునే ఆక్సిజన్ తగ్గుతుందనీ, శ్వాస నెమ్మదిస్తుందనీ గమనించారు. 1979లో జాన్ కబాత్ జిన్ అనే పరిశోధకుడు అమెరికాలోని మాసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో, మందులతో తగ్గని నొప్పులతో బాధపడేవారికి కొన్ని వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టాడు. నొప్పి పూర్తిగా పోకపోయినా, నొప్పి చుట్టూ మనం అల్లుకునే భయాన్ని విడిగా చూడటం ఆ శిక్షణలో నేర్పుతారు.

అయితే ధ్యానంతో అన్ని జబ్బులూ పోతాయని ఎవరైనా అంటే నమ్మకు. 2014లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 47 ప్రయోగాలను, 3,515 మంది వివరాలను కలిపి పరిశీలిస్తే, ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతాయని తేలింది. మందులకన్నా, వ్యాయామంకన్నా మిన్న అని మాత్రం తేలలేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2017లో, గుండెకు చేసే మామూలు చికిత్సకు తోడుగా ధ్యానాన్ని ఆలోచించవచ్చని అన్నదే గాని చికిత్సకు బదులని అనలేదు. నేను ఈ సంగతి నా ఒంటి మీదే నేర్చుకున్నాను. నాలుగో నెలలో నిద్ర బాగుపడి, మనసు తేలికపడి, ఇక నా రక్తపోటు మాత్ర ఎందుకని ఎవరికీ చెప్పకుండా పదిహేను రోజులు మానేశాను. తల వెనక బరువుగా ఉందని వెళితే రక్తపోటు 164 ఉంది. డాక్టరు మందలించారు, మీ వదిన రెండు రోజులు మాట్లాడలేదు. దయచేసి నువ్వు ఆ పని చెయ్యకు.

నాకు కలిగిన మేలు చెబుతాను. రాత్రి మెలకువ ఇప్పటికీ వస్తుంది, కాని దాని వెంట ‘అయ్యో, రేపెలా?’ అన్న ఆలోచన రాగానే దాన్ని గుర్తుపట్టగలుగుతున్నాను, కాసేపటికి నిద్ర పడుతోంది. మొన్న ఒకాయన దుకాణంలో పదిమంది ముందు తూకం తక్కువైందని అరిచాడు. చెవులు వేడెక్కడం, దవడ బిగియడం నాకు తెలిశాయి. వెనుకటి రోజుల్లో ఆ వేడి తెలిసేలోగా నోరు జారేది; ఈసారి ఒక్క ఊపిరి వదిలి, మళ్ళీ తూచి చూపించాను.

మా వీధి చివర పశువుల కొమ్ములతో వస్తువులు చేసే పెద్దాయన కొమ్మును సెగ చూపించి, మెత్తబడ్డాక గాని వంచడు, తొందరపడితే చిట్లుతుందంటాడు. నువ్వూ గంటలకొద్దీ కూర్చోవద్దు. పది నిమిషాలు చాలు. మోకాళ్ళు నొప్పి పెడితే కుర్చీలో కూర్చో, వెన్ను నిటారుగా ఉంటే సరిపోతుంది. ముక్కు కొన దగ్గర గాలి లోపలికి చల్లగా, బయటికి వెచ్చగా తగలడం గమనించు. పాత దుఃఖాలు పైకి వచ్చి తట్టుకోలేనంతగా కలవరపెడితే మాత్రం ఆపి డాక్టరుతో చెప్పు; అందరికీ అన్నివేళలా హాయిగానే ఉండదు.

రేపటి నుంచి రోజూ మాత్ర వేసుకున్నాక పది నిమిషాలు కూర్చో. రక్తపోటు వారానికోసారి చూపించుకుని ఆ అంకెలు నాకు రాయి. చెల్లెమ్మను కూడా పక్కన కూర్చోమను. దసరాకు మీరిద్దరూ ఇక్కడికి వస్తే మా డాబా మీద మరో రెండు చాపలు పరిచి ఉంచుతాను.

నీ మిత్రుడు