నా తర్వాత మా రాముణ్ని ఎవరికి అప్పజెప్పాలి? అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా ఇంట్లో 12 ఏళ్లుగా ఒక తాబేలు ఉంది. పేరు రాముడు. ఆఫ్రికా జాతి, సల్కాటా అంటారు. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా పుట్టినరోజుకి కావాలని పేచీ పెడితే సిటీలో ఒక పెట్ షాపులో కొన్నాం. అప్పుడు అరచేతిలో నిమ్మకాయంత ఉండేది. "ఇంతకంటే పెద్దగా పెరగదు సార్, టబ్బులో పెట్టుకోవచ్చు, ఇంట్లో ఉంటే కలిసొస్తుంది" అన్నాడు షాపతను. కలిసొచ్చిందో లేదో గానీ, పెరగడం మాత్రం ఆగలేదు. పోయిన నెల పక్కింటి కుర్రాడి సాయంతో గోనెసంచిలోకి ఎక్కించి, బియ్యం తూచే కాటా మీద పెడితే 31 కిలోలు తూగింది. అమ్మాయి ఇప్పుడు డాలస్‌లో ఎమ్మెస్ చదువుతోంది. వీడియో కాల్‌లో ముందు రాముణ్ని చూపించమంటుంది, తర్వాతే మేము.

నాకు 58 ఏళ్లు. ఈ జాతి 70 ఏళ్లకు పైగా బతుకుతుంది. లెక్క మీకే అర్థమవుతుంది.

షాపులో చెప్పినట్టే మొదటి రెండేళ్లు పొడి టబ్బులో, బల్బు కింద, క్యాబేజీ, టమాటా పెట్టి పెంచాం. చిన్నప్పుడు తేమ చాలకపోతే దీని చిప్ప నున్నగా పెరగదని, గడులు గుట్టల్లా లేస్తాయని తర్వాత ఒక పశువుల డాక్టరు చెప్పారు. రాముడి వీపు మీద ఆ గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి, ఇక పోవు. దాని అసలు తిండి గడ్డి. దాని ఊరు సహారాకు దిగువన ఉండే ఎండు భూములు. అక్కడ ఎండ తప్పించుకోవడానికి నేలలో బొరియ తవ్వుకుంటుంది. మా ఇంటి వెనక ఆ పనే బట్టలుతికే బండ కింద చేసింది. బండ ఒక పక్కకు ఒరిగిపోయింది, మా ఆవిడ ఇప్పుడు బకెట్ పెట్టుకుని మెట్ల మీద ఉతుకుతోంది. వానాకాలం వస్తే ఇంకో టెన్షన్. చల్లగాలికి ముక్కు కారుతుంది, పాత కుక్కగూట్లో బల్బు వేసి పడుకోబెట్టాలి.

మొన్న చలికాలంలో కరివేపాకు చెట్టు దగ్గర గొయ్యి తవ్వి 19 గుడ్లు పెట్టింది. అప్పుడు తెలిసింది, రాముడు ఆడదని. ఈ జాతిలో బాగా పెరిగేదాకా ఆడో మగో తేల్చలేరు. షాపుల్లో నిమ్మకాయంత పిల్లల్ని చూపించి 'జత' అని అమ్మేవాళ్లు మరి ఏం చూసి అమ్ముతున్నారో!

మగతోడు లేదు కాబట్టి ఆ గుడ్లు పిల్లలు కావు. కానీ విషయం ఎలా పొక్కిందో, వారం తిరక్కుండా ఒకతను ఫోన్ చేశాడు. "మగదాన్ని తెచ్చి మీ దొడ్లో వదుల్తాం సార్. పిల్లలు చెరిసగం." మేకల్ని పాలికిచ్చినట్టు! ఈ తాబేలు ఒక విడతలో 15 నుంచి 30 దాకా గుడ్లు పెడుతుంది, ఏడాదిలో ఒకటికి మించి విడతలు. ఒక్కో పిల్లా 70 ఏళ్లు బతికేది. అంతమంది రాముళ్లకు దొడ్లు ఎక్కడున్నాయండీ? వద్దన్నాను. అతను ఇంకో ఇల్లు వెతుక్కునే ఉంటాడు.

నా దగ్గర కాగితం ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇలాంటి విదేశీ జంతువుల్ని పెంచేవాళ్లకు నమోదు నియమాలు తెచ్చి ఆరు నెలల గడువిస్తే, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రాముణ్ని నమోదు చేయించాను. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో పిల్లలు తీయించేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి అన్నది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న జాతులకే. సల్కాటా రెండో అనుబంధంలో ఉంది. అంటే ఉంచుకున్నందుకు నేను లెక్క చెప్పాలి, పుట్టించి అమ్మేవాడికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు.

పోనీ, పెంచలేనివాళ్లు ఎవరికివ్వాలి? ఒక ఆఫీసుకెళ్లి అడిగాను. ఇది మన జంతువు కాదు, మా దగ్గర చోటు లేదన్నారు. మర్యాదగానే అన్నారు. బయటికొస్తుంటే అక్కడే ఒకాయన "చెరువులో వదిలెయ్యండి సార్, తాబేలే కదా" అన్నాడు. తప్పు ఆయనది కాదు, మనం అన్నిటినీ తాబేలనే అంటాం. ఇది మెట్ట తాబేలు. నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. అడవిలో వదిలినా మంచిది కాదు, ఇంట్లో పెరిగినవి తెచ్చే జబ్బులు మన నక్షత్ర తాబేళ్లకు అంటుకోవచ్చు. అదే చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లోని ఆ నక్షత్ర తాబేళ్లకైతే శ్రీకూర్మం గుడి ఉంది, ఇంట్లో ఉంచుకోలేనివాళ్లు తెచ్చి స్వామి దగ్గర వదిలిపోతుంటారు. అది కూడా భక్తితో జరుగుతున్నదే గానీ ఏర్పాటు కాదు. సల్కాటాకు ఆ గుడి కూడా లేదు.

మన నెహ్రూ జూలో 2024 మార్చిలో 125 ఏళ్ల గాలపగోస్ తాబేలు చనిపోయింది. దాన్ని 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి అక్కడికి తెచ్చారు. ఆ రోజు దాన్ని బండెక్కించినవాళ్లలో చివరిదాకా ఎవరు మిగిలారు? అయినా దానికి మేత ఆగలేదు, ఎందుకంటే దాని బాధ్యత మనిషిది కాదు, సంస్థది.

నేను అడిగేది అదే. జిల్లాకొకటి అక్కర్లేదు, రాష్ట్రానికి ఒక్క చోటు చాలు. కేసు భయం లేకుండా, రసీదు తీసుకుని అప్పజెప్పే చోటు. దాని ఖర్చు పిల్లల్ని అమ్మేవాడి దగ్గర ముందే డిపాజిట్‌గా కట్టించండి, కొన్నవాడు ఎప్పుడు తిరిగిచ్చినా తీసుకోవాల్సిందేనని షరతు పెట్టండి. రెండో అనుబంధం జాతులకూ లైసెన్సు వర్తింపజేయమని కేంద్రానికి రాయండి. నమోదులో, బ్యాంకు ఖాతాకు అడిగినట్టు, నామినీ పేరు తప్పనిసరి చేయమని కూడా రాయండి. మా అమ్మాయి పేరు రాయొచ్చు గానీ, డాలస్ నుంచి వచ్చి రాముడికి గడ్డి వేస్తుందా?

మీ కార్యాలయం నుంచి కబురొస్తే కాగితాల జిరాక్సులు పట్టుకుని నేనే వస్తాను. రాముణ్ని మాత్రం తీసుకురాలేను, ఆటోవాళ్లు ఎక్కించుకోవడం లేదు.

ఇట్లు,
ఘట్‌కేసర్ నుంచి
ఒక తాబేలు యజమాని