ఫిర్యాదు: ఇల్లు దొరక్కపోయినా దొరికినట్లు చూపుతున్న మీ పటం

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మా సంఘస్థుల చిరునామాలను తప్పుచోట గుర్తించడం గురించి

అయ్యా,

నేను గుంటూరులోని ఒక క్రైస్తవ సంఘానికి కార్యదర్శిని. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో మా సంఘస్థుల ఇళ్లలో సాయంత్రం ప్రార్థనలు జరుగుతాయి. గుడికి రాలేని వృద్ధులకు, మంచం పట్టినవారికి పాస్టరుగారు ఇంటికే వెళ్లి ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసం) ఇస్తారు. ఏ పేట బాధ్యత ఏ పెద్దకు అప్పగించాలో తేల్చుకోవడానికి, చిరునామాలను పటం మీద గుర్తించే మీ సేవకు ఏడాది చందా కట్టాం. సభ్యుల పట్టిక ఎక్కించగానే చిరునామాలన్నీ దొరికాయని తెర మీద చూపించారు.

అది అబద్ధం. మా ఊళ్లో ఇంటి నంబర్లు 4-7-12 అన్నట్లు అడ్డగీతలతో ఉంటాయి. మీ సాధనం దాన్ని తేదీ అనుకుని 2012 జూలై 4 చేసేసింది! ‘అమ్మవారి గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా’ వంటి ఆనవాళ్లను పక్కన పడేసింది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ కూడా ఇల్లు పట్టుకునేది వాటితోనే. చివరకు పిన్‌కోడ్ ఒక్కటే మిగిలితే, ఆ పరిధి నడిమధ్యన గుర్తు పెట్టింది. అలా ఎన్నో కుటుంబాలు ఒకే చుక్క కింద పడ్డాయి. అక్కడ ఉన్నది బజారు, మావాళ్ల ఇల్లు ఒక్కటీ లేదు. పాస్టరుగారు ఆ వీధుల్లోనే తిరుగుతుంటే, కాళ్లు పడిపోయిన ఒక పెద్దమ్మ స్టూలు మీద తెల్లగుడ్డ పరచుకుని చీకటి పడేదాకా ఎదురుచూసింది. ఆమెకు కలిగిన బాధకు మీ దగ్గర జవాబు ఉందా?

‘చిరునామాలు ప్రామాణిక రూపంలో ఇవ్వండి’ అని మీ సిబ్బంది జవాబిచ్చారు. ఇవి నగరపాలక సంస్థ ఇచ్చిన నంబర్లు, ఇంటిపన్ను రసీదుల మీద ఉన్నవి. ఇంతకంటే ప్రామాణికం ఎక్కడ తేవాలి? 1972లో తెచ్చిన పిన్‌కోడ్ ఉత్తరాల బట్వాడా కోసం ఏర్పడింది. ఒక్కో కోడ్ కింద ఎన్నో పేటలుంటాయి. సుమారు నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడ్ ఇచ్చే డిజిపిన్‌ను తపాలా శాఖ 2025లో తెచ్చినా, దాన్ని నమోదు చేయడానికి మీ పట్టికలో చోటే లేదు.

అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే ఉంది. మీ సాధనం నుంచి దించుకున్న ఫైలులో ప్రతి చిరునామా పక్కనా అది ఇంటి వరకు దొరికిందా, పిన్‌కోడ్ వరకేనా అన్నది రాసి ఉంది. అంటే మీకు తెలుసు. తెలిసి కూడా తెర మీద అన్నిటికీ ఒకే ఆకుపచ్చ గుర్తు ఎందుకు వేశారు?

దొరకని ఇంటిని దొరకలేదనే చూపండి. గుర్తును మా చేత్తో సరైన గుమ్మం దగ్గరికి జరుపుకునే వీలు కల్పించండి. అప్పటివరకు మాకు మీ సేవ వద్దు, చందా సొమ్ము వాపసు చేయండి. మేం ఎక్కించిన సభ్యుల పట్టికలో మావాళ్ల ఫోను నంబర్లు, జబ్బుల వివరాలు ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అలాంటి సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కును గుర్తించింది. మీ కంప్యూటర్లలోని ప్రతులన్నీ చెరిపేసి, చెరిపినట్లు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
సంఘ కార్యదర్శి,
గుంటూరు